జీవితాంతం చెల్లే టికెట్టు

ఒక దేశానికి ప్రధానమంత్రిని ఈ చేత్తో నియమించినవాణ్ణి నేను. కుడిచేత్తోనే. మీరు నవ్వినా నాకు నష్టం లేదు. మా ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివినవాళ్ళలో ఇంత పని చేసినవాడు మరొకడు లేడు. పదో తరగతి దాకా చదివినవాళ్ళలోనూ లేడని విన్నాను. ఏ దేశమని మాత్రం అడగకండి. పేరు చెబితే మీరు పటం తెచ్చి వెదుకుతారు. దొరక్కపోతే తప్పు పటానిది అనరు, నాది అంటారు.

ఆ దేశాన్ని ఇరవై ఏళ్ళుగా ఒకే పార్టీ ఏలుతోంది. ఒకరోజు పొద్దున ప్రధానమంత్రి నిద్ర లేచి, ఇక చాలు అనుకుని, పదవి వదిలేసి తన తోటలో సపోటాలు కోసుకోవడానికి వెళ్ళిపోయాడు. కొత్తాయన్ని ఎన్నుకోవడానికి మేము ఎప్పుడు రావాలని జనం అడిగారు. మీరు రానక్కర్లేదు అంది పార్టీ. మీరు ఓటు వేసింది పార్టీకి, కుర్చీ పార్టీది, అందులో ఎవరు కూర్చోవాలో పార్టీ సభ్యులు చూసుకుంటారు, మీరు పోయి పనులు చూసుకోండి అంది.

నాకూ అది సబబుగానే తోచింది. పెళ్ళికి వంటవాణ్ణి పెళ్ళివారు మాట్లాడుకుంటారు గాని బంతిలో కూర్చున్నవాళ్ళు మాట్లాడుకోరు కదా. కాకపోతే ఈ పెళ్ళిలో బియ్యం, పప్పు, కట్టెలు బంతిలో కూర్చున్నవాళ్ళవి. అదొక్కటే తేడా.

పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఆర్థికమంత్రి కోదండపాణి ఒకరు, రవాణామంత్రి త్రివిక్రమం మరొకరు. పార్టీకి నలభై లక్షలమంది సభ్యులు. అందులో సగం దొంగ సభ్యులని కోదండపాణి అన్నాడు. మిగతా సగం దొంగలని త్రివిక్రమం అన్నాడు. ఇద్దరి మాటా కాదనలేక పార్టీ ఒక 'సభ్యత్వ పరిశుద్ధి సంఘం' వేసింది. దానికి పెద్ద విశ్వంభరం గారు. ఆయన మనిషి సన్నం, మాట లావు. మంచినీళ్ళు కావాలన్నా 'జలసేవనానికి అవకాశం కల్పించవలసిందిగా కోరడమైనది' అనే రకం.

విశ్వంభరం గారు రోజుకొక ఉత్తర్వు తీశారు. ఈ ఏడాది చేరినవాళ్ళు ఈ ఓటు కోసమే చేరారు కాబట్టి వాళ్ళు పోయారు. పార్టీ గద్దెనెక్కాక చేరినవాళ్ళు సిద్ధాంతం చూసి రాలేదు, గద్దె చూసి వచ్చారు కాబట్టి వాళ్ళూ పోయారు. నలభై లక్షలు నాలుగు లక్షలయ్యాయి. తర్వాత, పార్టీవల్ల ఏ లాభమైనా పొందినవాళ్ళు స్వార్థపరులన్నారు. ఉద్యోగం, కాంట్రాక్టు, ఇంటిస్థలం సరే, సభకు వచ్చి తిన్న బిర్యానీ పొట్లం కూడా లాభం కిందికే వస్తుందని సంఘం తేల్చింది. ఆ ఒక్క పొట్లం దెబ్బకు మూడు లక్షల తొంభై వేలమంది ఎగిరిపోయారు.

మిగిలిన పదివేలమందీ నికార్సయిన మనుషులు. అయితే వాళ్ళలో కొందరికి కోదండపాణి అంటే ఇష్టం, కొందరికి త్రివిక్రమం అంటే ఇష్టం. పక్షపాతం ఉన్నవాడు తీర్పు ఎలా చెబుతాడని విశ్వంభరం గారికి ధర్మసందేహం వచ్చింది. ఇష్టం ఉన్నవాళ్ళను తీసేశారు. అయిష్టం కూడా ఒక పక్షపాతమే కనుక ఇద్దరంటేనూ గిట్టనివాళ్ళనూ తీసేశారు, వాళ్ళు ఇంకా ఎక్కువమంది. పదముగ్గురు మిగిలారు. ఆ పదముగ్గురిలో పన్నెండుమంది ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి ఉపన్యాసం విన్నారని తేలింది. విన్నాక మనసు చెదరకుండా ఉంటుందా? వాళ్ళూ పోయారు.

మిగిలింది ఒక్కరు. నలభై లక్షల బిందెల చెరకురసం కాచి కాచి, ఒక్క పలుకు పటికబెల్లం తీశామని విశ్వంభరం గారు పత్రికలవాళ్ళతో అన్నారు. లోకంలో ఏ పార్టీలోనూ ఇంత స్వచ్ఛమైన అంతర్గత ప్రజాస్వామ్యం లేదని కూడా అన్నారు. ఆ మాట నిజమే. ఒక్క మనిషిలో అంతఃకలహాలు ఉండవు కదా.

ఆ పటికబెల్లం పలుకు మా ఊళ్ళోనే ఉంది. జిల్లేళ్ళవంకలో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. పేరు సుంకులమ్మ.

సుంకులమ్మకు డెబ్బై దాటాయి. మొగుడు పోయాక పిడికెడంత తోటలో మల్లెపొదలు పెంచుకుని బతుకుతోంది. మల్లెల బేరం మీకు తెలుసో తెలీదో. తెల్లవారకముందే మొగ్గ కోయాలి, ఎండ ముదరకముందే టౌనులో పూలంగడికి చేర్చాలి. మొగ్గ విచ్చుకుందా, ఇక దాన్ని కొనేవాడు ఉండడు. అందుకని ఆమె లోకమంతా పొద్దున ఏడు గంటల బస్సు చుట్టూ తిరిగేది.

ఆమె పార్టీలో ఎలా చేరిందో చెప్పాలి. ఇరవై ఏళ్ళ రెండు నెలల కిందట, అప్పటికి ఆ పార్టీ ఇంకా గద్దెనెక్కలేదు, టౌనులో సభ పెట్టుకుని మా ఏడు గంటల బస్సును అద్దెకు మాట్లాడుకుంది. ఆ సంగతి సుంకులమ్మకు తెలీదు. రోజూలాగే బుట్ట పట్టుకుని ఎక్కింది. కండక్టరు స్థానంలో జెండా కండువా వేసుకున్న కుర్రవాడు ఒకడు నిలబడి, పేరడిగి, ఆమె ఇచ్చిన చిల్లర తీసుకుని, ఒక కాగితం చింపి ఇచ్చాడు. 'ఇది నీ జీవితాంతం చెల్లుతాదమ్మా' అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుని పూలంగడి దగ్గర దిగిపోయింది. సభకు పోలేదు. బిర్యానీ తినలేదు. ఉపన్యాసం వినలేదు.

మర్నాడు మామూలు బస్సులో మామూలు కండక్టరుకు ఆ కాగితం చూపించింది. జీవితాంతం చెల్లే టికెట్టు ఉండగా మళ్ళీ టికెట్టు ఎందుకు కొంటానంది. అతను నవ్వి, పెళ్ళానికని మూర మల్లెపూలు తీసుకుని ఊరుకున్నాడు. ఇలా రెండు నెలలు నడిచింది. మూడో నెల పార్టీ గద్దెనెక్కింది. ఆ మర్నాడు అదే కండక్టరు అదే కాగితం మీది ముద్ర చూసి లేచి నిలబడ్డాడు. అప్పట్నుంచి పదిహేడేళ్ళు, కండక్టర్లు ఎందరు మారినా, ఆమెను టికెట్టు అడిగినవాడు లేడు. మూర పూలు తీసుకున్నవాడూ లేడు. టికెట్టు కొట్టలేదు కాబట్టి ఈ లాభం ఏ లెక్కలోనూ లేదు, సంఘానికి తెలిసే దారీ లేదు.

మూడేళ్ళ కిందట, ఆదాయం రాని మార్గమని చెప్పి, ఆ బస్సు తీసేశారు. తీసేసిన ఉత్తర్వు మీద రవాణామంత్రి త్రివిక్రమం గారి సంతకం ఉంది. ఇప్పుడు ఊరికి దిక్కు మద్దిలేటి ఆటో. పన్నెండుమంది ఎక్కితే గాని అది కదలదు, పన్నెండుమంది చేరేసరికి పది దాటుతుంది, మొగ్గలు బుట్టలోనే విచ్చుకుంటాయి. పట్టణాలకు పోవాల్సిన పూలు మా ఊరి ఆడవాళ్ళ తలల్లో తేలుతున్నాయి.

ఇదీ ఆమె సంగతి. విశ్వంభరం గారు జీపులో దిగేనాటికి ఆమెకు ప్రధానమంత్రి దిగిపోయాడని కూడా తెలీదు. ఉన్నాడని తెలుసు, అంతే.

ఆయన వచ్చి బడి అరుగు మీద కుర్చీ వేయించుకున్నారు. ఊరంతా చేరింది. ఆటో మద్దిలేటికి నోరు ఊరుకోదు. దేశానికి పెద్దను ఎన్నుకునేటప్పుడు ఊళ్ళో ఒక్కరికే ఓటు ఉండటం ఏమిటి, మేమంతా మనుషులం కాదా అని అడిగాడు. విశ్వంభరం గారికి కోపం రాలేదు. అలాంటి ప్రశ్నలకు ఆయన దగ్గర తయారుచేసి పెట్టుకున్న దృష్టాంతం ఒకటి ఉంది.

"నాయనా, బస్సులో ఆసీనులైన ప్రయాణికులు డ్రైవరును ఎన్నుకుంటారా? ఎన్నుకోరు. సంస్థ నియమిస్తుంది. ప్రయాణికుల ధర్మం స్థిరచిత్తంతో కూర్చోవడం."

బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న సుంకులమ్మ తలెత్తింది.

"కూర్చుంటాం సామీ. బస్సు యాడుంది?"

విశ్వంభరం గారు రెండు చెవులూ మూసుకున్నారు. అమ్మా, తమరు ఏదీ అడగరాదు, అడిగితే కోరిక ఉన్నట్టు, కోరిక ఉంటే స్వార్థం ఉన్నట్టు, స్వార్థం ఉంటే సభ్యత్వం రద్దయినట్టు అని బతిమాలారు. పక్కనున్న గుమాస్తా 'సభ్యురాలు వాతావరణం గురించి ముచ్చటించారు' అని రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఓటు దాకా పది రోజులు. ఆ పది రోజులూ ఆమె మనసు చెదరకుండా కాపాడటం ప్రభుత్వ బాధ్యత అయింది. ఆమె వీధిలో రేడియోలు పట్టుకుపోయారు. గోడల మీది మంత్రుల బొమ్మలకు సున్నం కొట్టారు. బళ్ళో పిల్లలు 'మన ప్రభుత్వం' అనే పాఠం చదివితే ఆమె ఇంటికి వినిపిస్తోందని ఆ పాఠాన్ని మౌనంగా చదివించమన్నారు. దాంతో ఆ ఏడు ఆ పాఠం పిల్లలకు మొదటిసారి అర్థమైందని పంతులు నాతో చెప్పాడు.

ఇంతవరకు ఫరవాలేదు. తర్వాత లాభాల మీద పడ్డారు. చెడిపోయిన బోరింగు బాగుచేయడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపేశారు, ఆ నీళ్ళు ఆమె కూడా తాగుతుంది కాబట్టి. మద్దిలేటి ఆటోకు పార్టీ స్టిక్కరు ఉంది కాబట్టి అందులో ఆమె ఎక్కితే పార్టీవల్ల లాభం పొందినట్టే అన్నారు. ఆమెను ఎక్కించుకోవద్దని వాడికి నోటీసు ఇచ్చారు. ఆలస్యంగానైనా పూలు టౌనుకు పోయే దారి అదొక్కటే. అదీ మూసుకుపోయింది. ఆ పది రోజులు మా ఊళ్ళో బర్రెల కొమ్ములకు కూడా మల్లెదండలు వేలాడాయి.

మూడో నాడు సాయంత్రం సుంకులమ్మ మా ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. కొంగుముడి విప్పి ఆ కాగితం తీసి నా ముందు పెట్టి, నన్ను పేరు పెట్టి పిలిచింది.

"ఉరుకుందన్నా, ఈ కాయితానికి ఇంత మర్యాద ఎందుకు చేస్తాండారు? దీంట్లో ఏముందో నిజం చెప్పు."

నిజానికి దాన్ని ఇరవై ఏళ్ళ కిందటే నేను చదివాను. చదివి నోరు మూసుకున్నాను. ఆమె ప్రయాణం సాగుతుంటే అడ్డంగా అక్షరాలు పెట్టడం నాకు నచ్చలేదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు. ఇది బస్సు టికెట్టు కాదు, పార్టీ జీవితకాల సభ్యత్వ రసీదు అని చెప్పాను.

"అట్లయితే కండక్టర్లు ఎందుకు ఒప్పుకొన్యారు?"

"పార్టీ ముద్ర చూసి."

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. "అట్లయితే టికెట్టేలే," అని మళ్ళీ ముడివేసుకుంది.

ఉన్న చిక్కంతా విడమరిచి చెప్పాను. బస్సు అడిగితే ఓటు పోతుంది. అడక్కపోతే బస్సు రాదు. ఓటు వేసేముందు నాకు ఏ కోరికా లేదని ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేయాలి.

"ఓటు పోతే ఏమైతాది?"

"దేశానికి ప్రధానమంత్రి ఉండడు."

"ఇప్పుడు ఉండాడా?"

"లేడు."

"ఎన్నాళ్ళాయ?"

"నెలన్నర."

ఆమె లేచి కొంగు దులుపుకుంది. మూడు రోజులు పూలు పోతేనే తన పొయ్యి చల్లబడిందని, నెలన్నర ప్రధానమంత్రి పోయినా ఎవరి పొయ్యీ ఆరినట్టు లేదని అంటూ వెళ్ళిపోయింది.

ఓటు రోజు వచ్చింది. బడిలో ఒక బల్ల, దాని మీద ఓటు కాగితం, పక్కన ప్రమాణపత్రం. ఊరికి అటు మైలు దూరంలో కోదండపాణి గారి డేరా, ఇటు మైలు దూరంలో త్రివిక్రమం గారి డేరా. వాళ్ళ మొహం ఆమె చూస్తే ఓటు చెల్లదు కాబట్టి ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారట. ఊళ్ళో చదవనూ రాయనూ వచ్చిన పెద్దమనిషి సాక్షిగా ఉండాలన్నారు. పంతులు ప్రభుత్వ జీతగాడు, పనికిరాడు. అలా నేను సాక్షినయ్యాను.

సుంకులమ్మ బుట్టనిండా మొగ్గలతో వచ్చింది. విశ్వంభరం గారు ఆమె రసీదు తీసుకుని కళ్ళకద్దుకుని దస్త్రంలో పెట్టారు. తర్వాత ప్రమాణపత్రం చదివారు. 'ఈ దిగువ వేలిముద్రదారురాలినగు నాకు పార్టీనుండి గాని, ప్రభుత్వమునుండి గాని, ఇహమందు ఏ విధమైన కోరికయు లేదు' అని ఉంది అందులో.

"నాకుంది," అంది సుంకులమ్మ.

గుమాస్తా కలం ఆగింది. ఈసారి వాతావరణం గురించి రాయడానికి వీల్లేదు, వాకిట్లో ఊరంతా ఉంది.

"ఏడు గంటల బస్సు కావాల సామీ. ఉండే కోరిక లేదని ఏలిముద్ర నేను ఎయ్యను. అబద్ధానికి ఏలు ఆడదు నాకు."

విశ్వంభరం గారి మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయి మళ్ళీ ఎర్రబడింది. ఆమె పోతే సభ్యుల సంఖ్య సున్నా. సభ్యులు లేని పార్టీ పార్టీ కాదు. పార్టీ లేకపోతే ప్రభుత్వం లేదు. ప్రభుత్వం లేకపోతే జీపుకు డీజిలు లేదు. ఆయన బయటికి పోయి రాజధానికి ఫోను చేశారు. అరగంట మాట్లాడారు. తిరిగి వచ్చేటప్పుడు నడకలో వెలుగు ఉంది.

"సభ్యురాలు కోరినట్టు భావించడం పొరపాటు," అన్నారు. "లేనిదాన్ని అడిగితే కోరిక. ఉన్నదాన్ని చెబితే వర్ణన. ఏడు గంటల బస్సు ఎన్నడూ రద్దు కాలేదని ఇప్పుడే మూడేళ్ళ వెనకటి తేదీతో ఉత్తర్వు వెలువడింది."

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే వంక మలుపులో హారను మోగింది. ఎర్రబస్సు, ముందు అద్దానికి బంతిపూల దండ, దుమ్ము రేపుకుంటూ వచ్చి బడి ముందు ఆగింది. అప్పటికి పదకొండు గంటలు. గుమాస్తా బల్లెక్కి బడి గడియారాన్ని ఏడుకు తిప్పాడు. సుంకులమ్మ బస్సును చూసింది, బుట్టను చూసింది, గబగబా విశ్వంభరం గారి దగ్గరికి పోయి దస్త్రంలోంచి రసీదు లాక్కుంది.

"ఇట్లియ్యి సామీ, టికెట్టు లేకుండా ఎట్ల పోయేది?"

అమ్మా ఓటు, ఓటు అంటూ ఆయన వెంట పరిగెత్తారు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. మొగ్గలు విచ్చుకుంటున్నాయి సామీ, మీరే ఎవర్నో ఒకర్ని పెట్టుకోండి అంది. బస్సు కదిలింది.

బడిలో మిగిలింది ఖాళీ ఓటు కాగితం, విశ్వంభరం గారు, నేను. ఇక్కడే నా చెయ్యి రంగంలోకి దిగింది.

మొదట్లో నేను కొంచెం కోతలు కోశాను. ప్రధానమంత్రిని ఈ చేత్తో నియమించానన్నాను కదూ. ఈ చెయ్యి చేసిందల్లా కలం మూత తీయడం. సాక్షి సంతకం పెట్టమన్నారు, మూత తీశాను, అంతే. అది మా నాయన నాటి సిరాకలం, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. సిరా చుక్క ఒకటి టప్పున ఓటు కాగితం మీద, సరిగ్గా ఇద్దరి పేర్లకూ మధ్యన పడింది. మా బడిబల్లకు ఒక కాలు పొట్టి. చుక్క నెమ్మదిగా వాలు చూసుకుని జారి, త్రివిక్రమం గారి పేరు మీదికి పోయి ఆగింది. కాబట్టి ప్రధానమంత్రిని నియమించిన గొప్ప నాది కాదు, ఆ బల్లకాలిది. దాన్ని బాగుచేయించమని పంతులు ఎన్నేళ్ళుగానో అర్జీలు పెడుతున్నాడు. బాగుచేసి ఉంటే ఆ దేశచరిత్ర మరోలా ఉండేదేమో.

విశ్వంభరం గారు చుక్కను కళ్ళద్దాలతోనూ, కళ్ళద్దాలు తీసీ చూశారు. సభ్యురాలి అంతరంగం వ్యక్తమైనది అన్నారు. నూటికి నూరు శాతం ఓట్లతో, ఏకగ్రీవంగా, బస్సు తీసేసిన త్రివిక్రమం గారు ప్రధానమంత్రి అయ్యారు. పార్టీ మొత్తం ఒక్క మనిషిలా తన వెంట ఉందని ఆయన మొదటి ఉపన్యాసంలో అన్నారు. అందులో అతిశయోక్తి లేదు.

ఇక మిగిలింది నేను కల్పించింది ఏమిటో చెప్పడం. నలభై లక్షలు ఒక్కరు కావడం కాదు. బిర్యానీ పొట్లం కాదు. సిరా చుక్క కాదు, దుప్పట్లు కప్పుకున్న మంత్రులూ కాదు. ఆ బస్సు. అదొక్కటే కల్పించాను.

వెనకటి తేదీతో ఉత్తర్వు వచ్చిన మాట నిజం. బస్సే రాలేదు. సుంకులమ్మ రసీదు లాక్కున్న మాటా నిజమే. అరగంట ఎదురుచూసి, బుట్ట నెత్తిన పెట్టుకుని కాలినడకన టౌను దారి పట్టింది. ఇప్పటికీ రవాణావాళ్ళ రిజిస్టరులో ఆ బస్సు రోజూ ఏడుకి మా ఊరు వచ్చి పోతోంది, ఒక్కరోజు కూడా ఆగలేదట. అందువల్ల దాన్ని తిరిగి వేయమని అర్జీ పెట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది. వస్తున్నదాన్ని రమ్మని ఎలా అడుగుతాం? మొన్న అదే మాట ఆమెతో అన్నాను. టికెట్టు మన కాడ ఉంది గదన్నా, బస్సు యాడికి పోతాది అంది.

తెల్లారి ఆమె బుట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడితే, కథలోనైనా ఎక్కించకుండా పోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకే బస్సు తెప్పించాను. దీనికి పార్టీ సభ్యులెవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు. ఉన్నది ఒక్కత్తే. ఆమె కిటికీ పక్కన కూర్చుంది.